కాలు కదపకుండా జియోకాషింగ్: పద్నాలుగు చిట్కాలు

మీకు వారాంతం ఖాళీ. ఫోన్‌లో జీపీఎస్ ఉంది. ఒళ్ళు వంచే ఉద్దేశం మాత్రం లేదు. అయితే జియోకాషింగ్ మీకోసమే పుట్టింది. ఎవరో ఒక డబ్బాను ఎక్కడో దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు యాప్‌లో పెడతారు. మీరు వెళ్ళి, వెతికి, లోపలున్న కాగితం మీద పేరు రాసి, డబ్బాను ఉన్నచోటే పెట్టేసి, యాప్‌లో ‘దొరికింది’ అని నమోదు చేస్తారు. పటం మీద ఆ చోట పసుపుపచ్చ నవ్వుముఖం వెలుగుతుంది. అంతే. బహుమతి లేదు, టికెట్టు లేదు, రెఫరీ లేడు.

అమాయకులు ఇక్కడే ఆగిపోయి ‘బహుమతే లేనప్పుడు మోసం దేనికండీ?’ అంటారు. రెఫరీ లేడన్న ముక్క వాళ్ళ చెవికెక్కలేదన్నమాట. పట్టుకునేవాడు లేని ఆట దొరకడమే పెద్ద బహుమతి.

చరిత్ర రెండు ముక్కలు తెలిసుంటే విందుల్లో పనికొస్తుంది. మామూలు జనం వాడే జీపీఎస్ సంకేతాల్లో అమెరికా ప్రభుత్వం కావాలని కలుపుతూ వచ్చిన తప్పును 2000 మే 1 అర్ధరాత్రి ఆపేసింది. అప్పటిదాకా వంద మీటర్ల దాకా అటూ ఇటూ కొట్టుకుపోయిన రిసీవర్లు ఇరవై మీటర్ల లోపుకి వచ్చేశాయి. మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ దగ్గరున్న బీవర్‌క్రీక్‌లో ఒక బకెట్‌ను సగం దాకా పాతిపెట్టి, దాని అక్షాంశ రేఖాంశాల లెక్క ఇంటర్నెట్‌లో పెట్టారు. అందులో పుస్తకాలు, వీడియోలు, కొంత డబ్బు, ఒక ఉండేలు, ఒక బీన్స్ డబ్బా ఉన్నాయి. దొరికిందని నెట్‌లో మొదట రాసినాయన మైక్ టీగ్. ఆ సెప్టెంబరులో సియాటెల్‌లో జెరెమీ ఐరిష్ ఈ ఆటకి వెబ్‌సైట్ తెరిచారు. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి ముప్పై లక్షల పైచిలుకు డబ్బాలు. ఆ వెబ్‌సైట్ కేంద్ర కార్యాలయం సియాటెల్‌లోని ఫ్రీమాంట్‌లో. ఆ పక్కనే ఉన్న బెల్వ్యూ, రెడ్మండ్, బాతెల్‌లలో మనవాళ్ళకి కొదవ లేదు గనక ఈ చిట్కాలు అక్కడి లెక్కన రాశాం. మిగతా ఊళ్ళవాళ్ళు ఊళ్ళ పేర్లు మార్చుకుంటే చాలు.

1. అంకె తప్ప ఏదీ పట్టించుకోకండి.

మీ పేరు పక్కన ఒక అంకె ఉంటుంది, ఇప్పటిదాకా దొరికినవి ఎన్ని అని. ఆట మొత్తం అదే. కొందరు చాదస్తులు ఈ వంకతో తమ ఊళ్ళోనే ఎన్నడూ చూడని కాలువగట్టు చూశామనీ, జలపాతం పక్కన పిల్లలతో కూర్చుని పులిహోర తిన్నామనీ మురిసిపోతారు. పులిహోర అంకెలో కలవదు.

ప్రతి డబ్బాకీ రెండు రేటింగులు ఉంటాయి. వెతకడం ఎంత కష్టమో ఒకటి, అక్కడికి చేరడం ఎంత కష్టమో ఇంకొకటి, రెండూ ఒకటి నుంచి ఐదు దాకా. చేరడం ఒకటి అంటే చక్రాల కుర్చీలో కూడా వెళ్ళొచ్చు. ఐదు అంటే తాడో పడవో కావాలి. ఒకట్లను కారులో వెళ్ళి వెతకండి. ఐదులను సోఫాలోంచి నమోదు చేయండి. శ్రమ ఎక్కడ ఎక్కువో అబద్ధం గిట్టుబాటయ్యేదీ అక్కడే.

2. లెక్క రాసే పద్ధతి నేర్చుకోకండి.

డబ్బా చోటు ఇలా రాసి ఉంటుంది: ఉత్తరం 47° 39.120, పడమర 122° 20.900. అంటే డిగ్రీలు, ఆ తర్వాత నిమిషాలు, నిమిషంలో దశాంశాలు. అక్షాంశంలో ఆఖరి అంకె ఒకటి మారితే తేడా రెండు మీటర్ల లోపే. అంత నాజూకు మనకెందుకు? మధ్యలో గుర్తులు పీకేసి 47.39120, 122.20900 అని మ్యాప్‌లో కొట్టండి. ఫ్రీమాంట్‌లో తేలాల్సిన మీరు దక్షిణంగా 29 కిలోమీటర్లు, తూర్పుగా ఇంకో పది జరిగి కెంట్ వైపు తేలతారు. పడమరకి పెట్టాల్సిన మైనస్ కూడా మర్చిపోతే ఏకంగా చైనా ఈశాన్య మూలకి చేరతారు. వీసా సంగతి చూసుకోండి.

కెంట్‌లో ఎవరి పెరటి పొదలోనో గంటసేపు వెతికాక, డబ్బా యజమానికి ఘాటుగా రాయండి: ‘మీ లెక్క తప్పు. ముందు ఆట నేర్చుకోండి.’ ఆయన కొత్త రిసీవరు కొనుక్కుని మళ్ళీ కొలుస్తాడు. మీరు ఆయన్ని మెరుగుపరిచినట్టు.

3. పెన్ను తీసుకెళ్ళకండి.

కాగితం మీద పేరు ఉంటేనే దొరికినట్టు. కాబట్టి పెన్ను జేబులో లేకుండా చూసుకోవడం మొదటి జాగ్రత్త. ఆ పైన వాడదగ్గ సాకులు ఇవి: ‘ఇంకు గడ్డకట్టింది’, ‘కాగితంలో చోటు లేదు’, ‘కాగితం తడిసి ముద్దయింది.’ సియాటెల్‌లో అక్టోబరు నుంచి వసంతం దాకా చినుకు వదలదు గనక మూడోదాన్ని కాదనేవాడుండడు. డబ్బా యజమాని నిజమని నమ్మి, కొత్త కాగితం పట్టుకుని ఆదివారం పొద్దున్నే కొండెక్కుతాడు. ఎక్కి చూస్తే పాత కాగితం అప్పడంలా పొడిగా ఉంటుంది. వాకింగ్ ఆరోగ్యానికి మంచిదేగా.

యాప్‌లో మీ అనుభవం రాయమంటారు. అనుభవం లేదు కాబట్టి ‘టీఎఫ్‌టీసీ’ అని నాలుగక్షరాలు కొట్టండి. ‘డబ్బాకి ధన్యవాదాలు’ అనడానికి ఆటగాళ్ళు వాడే పొట్టి మాట అది. నెలరోజులు కూర్చుని ఒకాయన చెక్కతో గుడ్లగూబ చెక్కి, దాని కడుపులో కాగితం దాచాడనుకోండి, దానికీ అదే అతికించండి. గుడ్లగూబ అని మాత్రం రాయకండి, మీరు చూడలేదుగా. వేరే ఎవరైనా రాసిందాన్ని కాపీ కొట్టినా పర్వాలేదు. అందులో ‘మా ఆవిడ పుట్టినరోజు నాడు’ అని ఉంటే తీసేయాలని మాత్రం మర్చిపోవద్దు. ఒకే వారంలో మీ ఆవిడ మూడుసార్లు పుట్టడం బాగుండదు.

4. దొరక్కపోతే మీరే ఒకటి పడేయండి.

వెతికి దొరక్కపోతే ‘దొరకలేదు’ అని రాయడం పద్ధతి. పటం మీద నీలం రంగు ఏడుపుముఖం వస్తుంది. అది చూసి యజమాని వెళ్ళి, డబ్బా ఉందో పోయిందో కనుక్కుంటాడు. మీకెందుకా మచ్చ? కారు డిక్కీలో పాత ఫిల్ము డబ్బాలు ఒక సంచెడు ఉంచుకోండి. నాలుగు నిమిషాలు వెతకండి. ఐదో నిమిషంలో ‘అసలుది పోయినట్టుంది, పాపం’ అని పైకే అనుకుని, మీ డబ్బా ఒకటి రాతి పక్కన పడేసి, మీ కాగితం మీద మీ పేరే రాసి, ‘దొరికింది’ అని కొట్టండి. పైగా ‘యజమానికి సాయం చేశాను’ అని రాయండి.

అసలు డబ్బా అడుగు దూరంలో భద్రంగానే ఉంటుంది. తర్వాత వచ్చేవాళ్ళలో సగంమందికి అది, సగంమందికి మీది దొరుకుతుంది. నాలుగో మనిషి వెళ్ళేసరికి అక్కడ మూడు డబ్బాలుంటాయి, ఎందుకంటే ఈ చిట్కా ఆయన కూడా చదివాడు.

5. మార్పిడిలో లాభం చూసుకోండి.

పెద్ద డబ్బాల్లో పిల్లల కోసం చిన్న చిన్న బొమ్మలు, నాణేలు, బిళ్ళలు ఉంటాయి. ఏదైనా తీసుకుంటే దాంతో సమానమైనదో, ఇంకా మంచిదో పెట్టాలన్నది ఆనవాయితీ. సమానం అంటే ఏమిటో ఎవరూ రాసిపెట్టలేదు. రాగి నాణెం తీసుకుని హోటల్ సబ్బు పెట్టండి. సబ్బు అయిపోతే పార్కింగ్ రసీదు. రసీదూ లేకపోతే, ఆటగాళ్ళు 2002 నుంచి ఊరూరా చెత్త ఏరే కార్యక్రమాలు పెడుతున్నారు కదా, ఆ స్ఫూర్తితో మీ కారులోని చెత్త తీసి డబ్బాలో వేయండి. కారు శుభ్రపడింది, మార్పిడీ జరిగింది.

తినుబండారాలు పెట్టకూడదంటారు. అల్మర్ గారి బకెట్‌లో బీన్స్ డబ్బా ఉంది కదా అని వాదించండి. ఊరి నుంచి వచ్చిన జంతికల పొట్లం మెత్తబడితే పారేయకండి, డబ్బాలో పెట్టండి. ఆ రాత్రే రకూన్ వచ్చి మూత కొరికి, జంతికలు తిని, కాగితం చించి, పిల్లల బొమ్మలు వాగులో వేస్తుంది. మూగజీవానికి అన్నం పెట్టిన పుణ్యం మీది.

6. ప్రయాణం చేసే బిళ్ళలను విశ్రాంతి తీసుకోనివ్వండి.

కొన్ని డబ్బాల్లో అంకె చెక్కిన లోహపు బిళ్ళలు ఉంటాయి. ట్రావెల్ బగ్ అంటారు. ఒక్కోదానికీ ఒక్కో కోరిక: డెన్మార్క్‌లో చిన్నపిల్ల వదిలింది సముద్రం చూడాలి, టెక్సాస్ తాతగారు వదిలింది యాభై రాష్ట్రాలూ తిరగాలి. దొరికినవాళ్ళు తీసుకెళ్ళి ముందున్న డబ్బాలో వేయాలి. మీరు తెచ్చి టీవీ కింద సొరుగులో వేయండి. ‘ఎక్కడుంది?’ అని ఉత్తరం వస్తే ‘ఇల్లు మారుతున్నాం, ఏ పెట్టెలోనో ఉంది’ అనండి. ఇల్లు మారడానికి కాలపరిమితి లేదు.

ఈలోగా బిళ్ళ మీది అంకెను స్నేహితులకి వాట్సాప్‌లో పంచండి. వాళ్ళు వాళ్ళ దగ్గరున్న అంకెలు మీకు పంపుతారు. బిళ్ళ ముఖం చూడకుండానే అందరూ ‘చూశాం’ అని రాసుకోవచ్చు. ఎవరైనా తప్పంటే అంగారక గ్రహాన్ని అడ్డం పెట్టుకోండి. 2021 ఫిబ్రవరిలో అక్కడ దిగిన పర్సివరెన్స్ రోవర్ మీద ఇలాంటి అంకె ఉంది. అది పంపిన ఫొటోలో ఆ అంకె చదివి నమోదు చేసుకోమని ఆట నడిపేవాళ్ళే చెప్పారు. అంగారకుడి మీదున్నదాన్ని ఇంట్లోంచి చూడొచ్చుగానీ, పక్కవీధిలోదాన్ని నడిచివెళ్ళి చూడాలా? ఇదేం న్యాయం?

7. వెయ్యి డబ్బాల దారిలో బుద్ధి వాడండి.

నెవాడా ఎడారిలో స్టేట్ రూట్ 375 అనే రోడ్డు ఉంది. గ్రహాంతరవాసుల పేరు పెట్టుకున్న హైవే. ఆ దారి పొడవునా ఆటగాళ్ళు వరసగా వెయ్యికి పైగా డబ్బాలు పెట్టారు. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలన్నది నియమం గనక, ఆ కొలతను పట్టుకుని గొలుసులా పేర్చుకుంటూ పోయారు. ప్రతిచోటా ఆగడం, దిగడం, మూత తీయడం, రాయడం, మూయడం. ఎండకి ప్రాణం పోతుంది.

ఇలా చేయండి. మొదటి డబ్బా తీసుకుని కారెక్కండి. రెండోచోటికి వెళ్ళేలోగా లోపలి కాగితం మీద సంతకం కొట్టండి. రెండోచోట అక్కడి డబ్బా తీసుకుని, చేతిలోది అక్కడ పెట్టండి. అది మూడోచోట. మూడోది నాలుగోచోట. సాయంత్రానికి ఒక్క డబ్బా కూడా తన ఇంట్లో ఉండదు. బండి ఒకరు నడపాలి, ఒకరు దిగాలి, ఒకరు రాయాలి. ముగ్గురికీ ఒకే జట్టుపేరు పెట్టుకుంటే మూడక్షరాలతో పోతుంది. వెయ్యి డబ్బాలయ్యాక ఎడారి ఎలా ఉందని ఎవరైనా అడిగితే ఏసీ బాగా పనిచేసిందని చెప్పండి.

8. పజిల్ విప్పకండి, విప్పినవాణ్ణి పట్టుకోండి.

కొన్ని డబ్బాల అసలు చోటు పటం మీద ఉండదు. ముందు ఒక చిక్కుముడి విప్పాలి. పటం మీద చూపించిన చోటికీ అసలుకీ మధ్య సాధారణంగా 3.2 కిలోమీటర్లు మించదు. విప్పిన ఆనందమే ఆ డబ్బా విలువ అంటారు పెద్దలు. ఆ ఆనందం ఇప్పటికే అనుభవించిన మనిషి ఒకరు మీ ఆఫీసులో ఉంటారు. వాళ్ళకి కాఫీ పోయించి జవాబు లాగండి. అక్కడితో ఆగకుండా జవాబులన్నీ ఒక షీట్‌లో రాసి నలుగురికీ పంచండి. రెండు నెలలు కష్టపడి ఆ ముడి వేసిన మనిషికి రోజుకి ఇరవై ‘టీఎఫ్‌టీసీ’లు వస్తాయి. తన పజిల్ ఇంత తేలికా అని కుమిలి, ఆయన ఇంకోటి తయారుచేయడు. మీకు విప్పాల్సినవి తగ్గాయి.

9. దారిలో తగిలేవాళ్ళకి తలో అబద్ధం సిద్ధంగా ఉంచుకోండి.

ఈ ఆటలో డబ్బాలకంటే ఎక్కువగా తగిలేది మనుషులు. ఆట తెలియనివాళ్ళను ఆటగాళ్ళు ‘మగుల్స్’ అంటారు, హ్యారీ పాటర్ కథల నుంచి తెచ్చుకున్న మాట. వాళ్ళ కంట్లో పడకుండా వెతకాలి. పడ్డారా, తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నవాణ్ణి తలుచుకుని నోరు తెరవండి.

*పోలీసు:* రాత్రి పదకొండింటికి పార్కులో పొద పక్కన మోకాళ్ళ మీద ఉన్నప్పుడు వస్తాడు. ‘జియోకాషింగ్’ అని ఫోన్ చూపిస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. చాలామంది ఆఫీసర్లకి ఈ ఆట తెలుసు. కొందరు ఆడతారు కూడా. కాబట్టి ఆ మాట అనకండి. కాంటాక్ట్ లెన్స్ పోయిందనండి. కళ్ళద్దాలతో ఉన్నారేమని అడిగితే, కుక్క తప్పిపోయిందని మార్చండి. కుక్క పేరు అడుగుతాడు. ఆలోచించుకోవడానికి కొంచెం సమయం తీసుకోండి.

*ఇంటాయన:* ఆయన పెరటి కంచె పక్కన డబ్బా ఉంటుంది. తలుపు తట్టి ఒక మాట చెప్పొచ్చు, కానీ దానికి నవ్వాలి. దానికి బదులు రోడ్డు వారనున్న ఆయన పోస్టుడబ్బాలో చెయ్యి పెట్టి కలియబెట్టండి, డబ్బా అందులో ఉందేమో. అమెరికాలో ఇంకొకరి ఉత్తరాల జోలికి పోవడం ఫెడరల్ నేరం. మీ కీర్తి రాష్ట్రం ఎల్లలు దాటిందన్నమాట. గుమ్మం దగ్గర కెమెరా ఉంటే తల దించుకోండి, టోపీ మీది కంపెనీ పేరు స్పష్టంగా కనబడుతుంది.

*కుక్కతో వచ్చే పెద్దావిడ:* రోజూ ఆ దారినే నడుస్తుంది. ఆ డబ్బా పెట్టిన రోజు నుంచీ ఆవిడకి తెలుసు. వచ్చిపోయేవాళ్ళను చూస్తూ ఉంటుంది. ‘గుడ్ మార్నింగ్’ అంటే చాలు, చూపుడువేలితో చూపించేస్తుంది. దాంతోపాటు పక్కనున్న కాలువలోకి సాల్మన్ చేపలు ఏ నెలలో ఎదురీదుకుంటూ వస్తాయో కూడా చెబుతుంది. అంత సమాచారం మనకెందుకు? ఫోన్ చెవికి ఆనించుకుని లేని మేనేజరుతో మాట్లాడుతూ నిలబడండి. ఆవిడ బెంచీ మీద కూర్చుంటుంది. డబ్బా ఆ బెంచీ కిందే. ఆవిడకి తొందర లేదు.

*రేంజరు:* నేషనల్ పార్కులో అనుమతి లేకుండా డబ్బా పెట్టకూడదు, దారి తప్పి పచ్చిక తొక్కకూడదు. రెండూ చేశాక దొరికితే ఇంగ్లిష్ రాదనండి. ఆయన తన మాటల్ని ఫోన్‌లో తెలుగులోకి మార్చి చూపిస్తాడు. అప్పుడు చదవడం రాదనండి.

*మొక్కలు:* మూడేసి ఆకులతో ఉండే పాయిజన్ ఓక్ అనే పొద ఆ వైపు అక్కడక్కడా పెరుగుతుంది. తాకితే ఒకటి రెండు రోజుల్లో అక్కడ దద్దుర్లు. ముందు చెయ్యి పెట్టండి, తర్వాత చూడండి. అదే చేత్తో మెడ, ముఖం తుడుచుకోండి. సోమవారం ఆఫీసుకి సెలవు పెట్టడానికి ఈ ఒక్క సందర్భంలోనే మీకు అబద్ధం అవసరం పడదు.

10. మామగారిని కాపలా పెట్టండి.

వేసవిలో ఊరి నుంచి అత్తగారూ మామగారూ వస్తారు. మామగారికి తోచదు. ‘మామయ్యగారూ, సరదాగా అలా వెళ్ళొద్దాం రండి’ అని సూపర్‌మార్కెట్ పార్కింగ్‌కి తీసుకెళ్ళండి. అక్కడి దీపస్తంభాల అడుగున బోల్టులను కప్పుతూ రేకు తొడుగు ఉంటుంది. ఎత్తితే లేస్తుంది. దానికింద ఫిల్ము డబ్బా పెట్టడం ఆటలో అతి పాత ఎత్తు. మామగారిని మంకీ క్యాప్‌తో, శాలువాతో స్తంభం పక్కన నిలబెట్టండి. వంగడం కూడా ఆయనకే వదిలేయండి. మీరు కారులో సీటు వెనక్కి వాల్చుకుని పడుకోండి.

సెక్యూరిటీ మనిషి వస్తాడు. మామగారు రెవెన్యూలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. అడిగినదానికి సూటిగా జవాబు చెబుతారు.

‘ఇక్కడేం చేస్తున్నారు సార్?’

‘మా అల్లుడుగారు డబ్బా వెతుకుతున్నారండీ.’

‘అందులో ఏముంది?’

‘ఏం లేదు. ఒక కాగితం ముక్క.’

‘మరెందుకు వెతకడం?’

‘అదే నేనూ వచ్చిన్నాటి నుంచీ అడుగుతున్నాను.’

‘మీ అల్లుడెక్కడ?’

ఇక్కడ మీరు కారు దిగకూడదు. తల ఇంకాస్త కిందికి దించండి. ఆయన వేలు మీ కారువైపు తిరిగితే ఇంజిన్ స్టార్ట్ చేసి ఒక చుట్టు తిరిగి రండి. ఇంటికెళ్ళాక మీ ఆవిడ ‘నాన్నను పార్కింగ్‌లో వదిలేశావట?’ అని అడుగుతుంది. వాకింగ్ అలవాటు చేస్తున్నానని చెప్పండి. మామగారు తిరుగు ప్రయాణం తేదీ ముందుకి జరుపుకుంటారు. గెస్ట్ రూమ్ ఖాళీ అవుతుంది. ఫిల్ము డబ్బాల సంచులు అక్కడ పెట్టుకోవచ్చు.

11. మొదటివాడు మీరే కావాలి, వెళ్ళకపోయినా సరే.

కొత్త డబ్బా పటం మీదికి రాగానే కొందరు పక్కల మీంచి లేచి పరిగెడతారు. ఖాళీ కాగితం మీద మొదటి సంతకం తమది కావాలని. ఎఫ్‌టీఎఫ్ అంటారు దాన్ని. తెల్లవారుజామున ఐదింటికి చీకట్లో రెండు టార్చిలైట్లు ఎదురుపడతాయి. ఆనవాయితీ ప్రకారం ఇద్దరూ నవ్వుకుని, కలిసి వెతికి, పేర్లు పక్కపక్కన రాసుకుని, తర్వాత ఎక్కడో కాఫీ తాగుతారు. ఈ ఆటలో సగం స్నేహాలు అలా పుట్టినవే.

మీరు టార్చి ఆర్పండి. ‘నేనిప్పుడే సంతకం పెట్టి వస్తున్నా, అదిగో ఆ గుట్ట అవతల’ అని ఆయన్ని తప్పుదారి పట్టించండి. ఆయన గుట్ట ఎక్కుతుంటే మీరు వెతకండి. దొరక్కపోతే మరేం ఫర్వాలేదు, కారులో కూర్చుని ‘నేనే ముందు’ అని నమోదు చేయండి. గంట తర్వాత ఆయన ఖాళీ కాగితాన్ని ఫొటో తీసి, పక్కన తన పేరు రాసి, యాప్‌లో పెడతాడు. దానికి మీ జవాబు: ‘నేను మాయమయ్యే ఇంకుతో రాశాను.’ మరోమాట: కొత్త డబ్బాలను పరిశీలించి పటం మీదికి పంపేవాళ్ళు జీతం లేని వలంటీర్లు, వాళ్ళూ మనలాంటి ఆటగాళ్ళే. మీరు గుట్ట ఎక్కించిన ఆ మనిషి ఎవరో కనుక్కోకండి. 12వ చిట్కాలో తెలుస్తుంది.

12. మీరూ ఒక డబ్బా దాచండి.

స్థలం యజమాని అనుమతి తీసుకున్నారా అని ఫారంలో అడుగుతారు. టిక్కు కొట్టండి. టిక్కు కొట్టడమూ అనుమతి తీసుకోవడమూ ఒకే వేలితో అయ్యే పని. నేలలో పాతకూడదంటారు. మొట్టమొదటి బకెట్ సగం పాతిందే కదా అనండి, మీరు పూర్తిగా పాతి ఆటను ముందుకి తీసుకెళ్ళండి. డబ్బా మీద ఇదేమిటో రాయమంటారు. రాయకండి. నల్లటేపు గట్టిగా చుట్టి రద్దీగా ఉండే కాఫీ హోటల్ ముందు పూలకుండీ కింద పెట్టండి. 2011లో ఇంగ్లండ్‌లో వెదర్బీ అనే ఊళ్ళో ఇలాంటి చిన్న ప్లాస్టిక్ డబ్బాను బాంబనుకుని వీధి మూయించారు. సైన్యం నుంచి బాంబులు తీసేవాళ్ళొచ్చి పేల్చేశారు. ఆటకి అంత ప్రచారం ఏ ప్రకటనతో వస్తుంది?

పెట్టాక ఆలనాపాలనా చూసుకోవాలి గనక ఇంటికి దగ్గర్లో పెట్టమంటారు. మీరు సెలవులకి హవాయి వెళ్ళినప్పుడు అక్కడ పెట్టండి. ‘మా తమ్ముడు ఇక్కడే ఉంటాడు, చూసుకుంటాడు’ అని రాయండి. తమ్ముడు కాకినాడలో ఉన్నా, సముద్రతీరమే కదా. పరిశీలించే వలంటీరు మీ పేరు చూసి, ఎందుకో మరి, అదనంగా పదకొండు ప్రశ్నలు వేస్తాడు. చివరి ప్రశ్న గుట్టల గురించి ఉంటుంది.

13. సమావేశాలకి వెళ్ళండి, ఆకలితో వెళ్ళండి.

ఆటగాళ్ళు పార్కుల్లో కలుసుకుంటారు. ఐదొందల మంది దాటితే మెగా. ఐదువేలు దాటితే గిగా, అలాంటి మొదటిది 2014లో మ్యూనిక్‌లో జరిగింది. వెళ్ళినందుకూ ఒక నవ్వుముఖం వస్తుంది. అక్కడ కొత్తవాళ్ళకి దారులు చెబుతారు, పోయిన ఏడాది మంచులో ఇరుక్కున్న కథలు చెబుతారు, పిల్లలకి దిక్సూచి నేర్పుతారు. మీరు సరాసరి వంటకాల బల్ల దగ్గరికి వెళ్ళండి. తలా ఒకటి వండుకురావాలని రాసి ఉంటుంది. మీది కారులోనే ఉందనండి. రెండు ప్లేట్లయ్యాక సంతకం పెట్టి జారుకోండి.

ఎవరైనా ఆపి ‘గుడ్లగూబ ఎలా ఉంది?’ అని అడగొచ్చు. ఎదురుగా ఉన్నది దాన్ని చెక్కిన మనిషి. ‘అద్భుతం, రెక్కలు విప్పినట్టే ఉంది’ అనండి. అది రెక్కలు ముడుచుకుని ఉంటుంది.

14. గౌరవంగా తప్పుకోండి.

ఒకరోజు ఎవరో కూర్చుని మీ పట్టిక చదువుతారు. ఒకే మధ్యాహ్నం మీరు ఆరెగన్‌లో ఒకటి, జర్మనీలో నాలుగు, సముద్రం అడుగున ఒకటి పట్టుకున్నట్టు తేలుతుంది. టైమ్ జోన్ల సమస్య అనండి. ఒప్పుకోకపోతే పిల్లాడు ఫోన్‌తో ఆడుకున్నాడనండి. ఆ తర్వాత యజమానులు మీ నమోదులను ఒక్కొక్కటే చెరిపేస్తారు. వాళ్ళకా హక్కు ఉంది. తొమ్మిదివేల నాలుగొందలున్న అంకె సాయంత్రానికి ముప్ఫై ఒకటికి దిగుతుంది. దిగులుపడకండి. ఆ ముప్ఫై ఒకటిలో ఇరవై మామగారు వంగి తీసినవి.

ఇప్పుడు అసలైన ముగింపు. మీరు దాచిన డబ్బాలను ఏరుకోవడానికి వెళ్ళకండి, అడవికి అలవాటే. సొరుగులోని బిళ్ళలను ఇల్లు మారేటప్పుడు పారేయండి. ఆపైన ఆటగాళ్ళందరికీ చేరేలా పొడుగాటి వీడ్కోలు లేఖ రాయండి. అందులో ఈ మూడు వాక్యాలు తప్పక ఉండాలి. ఒకటి: ‘రోజులు మునుపటిలా లేవు.’ రెండు: ‘కొత్తవాళ్ళకి అంకెల పిచ్చి తప్ప మరోటి లేదు.’ మూడు: ‘నిజాయితీ లేని చోట నేనుండలేను.’

కింద సంతకం పెట్టండి. దానికి మాత్రం పెన్ను దొరుకుతుంది.